రేవులు, కాజ్‌వేల కబుర్లు చెప్పే సైటు కట్టాం, జనాన్ని కూడగట్టడం ఎలా?

గట్టుమీద సైకిల్:

నమస్కారం అండి. కోనసీమ రేవుల కోసం చిన్న సైటు ఒకటి కట్టాం. ఏ రేవులో పంటు (జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) తిరుగుతోంది, ఏ కాజ్‌వే (వరదకి మునిగిపోయే తక్కువ ఎత్తు వంతెన) మీద నీళ్లెక్కాయి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి మట్టం ఎంతుంది, ఈ మూడే అందులో ఉంటాయి. మొదటగా సఖినేటిపల్లి–నరసాపురం, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులు, కనకాయలంక, ఎదురుబిడియం కాజ్‌వేలు పెట్టుకున్నాం. మట్టం సర్కారు లెక్కల్లోంచి దొరుకుతుంది. రేవు సంగతి మాత్రం అక్కడ నిలబడ్డ మనిషి చెప్తే తప్ప తెలీదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టా, టెలిగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్ గ్రూపు, అన్నీ ఒకేసారి తెరిచేశాం. పేజీకి లైకులు బాగానే వచ్చాయి. సైటుకి రెండోసారి వచ్చినవాళ్లు తక్కువ, రేవు నుంచి కబురు పంపినవాళ్లు అసలే లేరు. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు, స్థలాల అమ్మకాలు నడుస్తున్నాయి. ఎర్రనీళ్లు (వరద కొత్తనీరు) వచ్చేలోపు దీన్ని దారిలో పెట్టాలి. ఏవి ఉంచాలి, ఏవి మూసేయాలి? కబురు పంపేవాళ్లని ఎలా పట్టుకోవాలి? లింకు పెడితే ఎవరూ ఎందుకు నొక్కట్లేదు?

లాకుల దగ్గర:

అయిదూ వద్దండి, ముందు వాట్సాప్ ఒక్కటి సరిచేసుకోండి. మీరు చూసేవాళ్లనీ పంపేవాళ్లనీ ఒకే గ్రూపులో కలిపేశారు. వాళ్లిద్దరి అవసరాలు వేరు. పొద్దున్నే రేవు దాటే టీచరమ్మకి కావాల్సింది ఒక్క ముక్క: పంటు ఉందా, లేదా. ఆ ముక్క కోసం ఆవిడ రెండొందల మెసేజీలు పైకి జరుపుకుంటూ కూర్చోదు.

కాబట్టి రెండుగా విడగొట్టండి. పంపేవాళ్లకి చిన్న గ్రూపు, చూసేవాళ్లకి వాట్సాప్ ఛానెల్. ఛానెల్లో ఒకరి నంబరు ఒకరికి కనబడదు, తిరిగి మెసేజీ పెట్టడానికి ఉండదు, బొమ్మలతో స్పందించడమే. మామూలు గ్రూపులో అయితే ఎవరు చేరినా వాళ్ల నంబరు అందరికీ తెలిసిపోతుంది. రోజూ రేవు దాటే ఆడవాళ్లు చాలామంది గ్రూపులో చేరకపోవడానికి కారణం అదే, సైటు మీద ఇష్టం లేక కాదు. ఛానెల్లో ఒక లోపం ఉంది, ముందే చెప్తున్నా. చేరినవాళ్లకి నోటిఫికేషన్లు మొదట ఆపేసి ఉంటాయి. పైన గంట గుర్తు నొక్కితేనే మోగుతుంది. ఛానెల్లో మొదటి మెసేజీగా ఆ గంట గుర్తు స్క్రీన్‌షాట్ పెట్టి, వేలు ఎక్కడ పెట్టాలో గీసి చూపించండి. ఇది చేయకపోతే వెయ్యి మంది చేరినా ఒక్కడి ఫోనూ మోగదు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెడదామని కొందరు చెప్తారు. ఒక లిస్టులో 256 మందే పడతారు. పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. దాని జోలికెళ్లకండి.

ఇక పంపేవాళ్లు. "మీ ఊరి కబుర్లు పంపండి" అని పేజీలో పోస్టు పెడితే ఎవరూ పంపరు, ఎందుకంటే ఎవరినీ పేరు పెట్టి అడగలేదు. తన పని మీద ఎలాగూ రేవు దగ్గరే ఉండే మనిషిని వెతకాలి. టికెట్ చింపే అబ్బాయి, గట్టు మీద టీ కొట్టు, స్టాండులో ఆటో డ్రైవరు, పాలు పోయించుకునే కేంద్రం, రోజూ దాటే ఉద్యోగి. చోటుకి ఇద్దరు చాలు. ఒకరు ఊళ్లో లేనప్పుడు రెండోవాళ్లు ఉంటారు. మీ నాలుగు చోట్లకీ ఎనిమిది మంది. ఈ ఎనిమిదిమందితో నెల్లాళ్లు సరిగ్గా నడిస్తే అయిదో చోటు కలపండి. ముందే ఇరవై రేవులు పెట్టుకుని పదహారు ఖాళీగా చూపించే సైటుకి జనం మళ్లీ రారు.

అడగడానికి నేరుగా రేవుకెళ్లండి. మొదటి కబురు అక్కడే, మీ ముందే, వాళ్ల ఫోన్లోంచి పంపించండి. అది సైటు మీద పడ్డాక వాళ్లకే తెరిచి చూపించండి. తన మాట తెర మీద కనబడ్డవాడు రెండోసారి పంపుతాడు. ఫారం నింపమంటే మాత్రం పంపడు. లాగిన్, ఓటీపీ ఏవీ పెట్టొద్దు. రేవు పేరు, పంటు ఉందా లేదా, టైము, అంతే. టైపు చేయలేనివాళ్లు పది సెకన్ల వాయిస్ పెడతారు, మీరు రాసుకోండి.

ఇంకో మాట. అడక్కుండా ఎవరినీ గ్రూపులో పడేయకండి. తెలీని నంబరు నుంచి గ్రూపులో పడ్డవాళ్లు రిపోర్టు కొట్టేస్తారు, అలాంటివి పోగైతే మీ నంబరే ఆగిపోతుంది. వరద రోజున అడ్మిన్ నంబరు ఆగిపోతే ఏం చేస్తారు? అందుకే ఛానెల్‌కీ గ్రూపుకీ కనీసం ముగ్గురు అడ్మిన్లు, వేరువేరు ఫోన్లలో, వీలైతే వేరువేరు ఊళ్లలో ఉండాలి.

పాత గ్రూపుని అడ్మిన్లే రాసేలా మార్చి, ఛానెల్ లింకు పెట్టి, పది రోజుల తర్వాత మూసేయండి.

కోడ్ కొబ్బరాకు:

పై ఆయన మనుషుల సంగతి చెప్పారు, నేను లింకు సంగతి చెప్తాను. మీ లింకు నొక్కకపోవడానికి సగం కారణం దాని అవతారమే.

పేజీ చిరునామాలో తెలుగు అక్షరాలు పెట్టారేమో చూసుకోండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి. కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే ఒక్కో బైటు ఒక పర్సెంట్ గుర్తు, రెండు అంకెలుగా మారుతుంది. అంటే ఒక గుర్తుకి తొమ్మిది అక్షరాలు. ఒత్తులూ గుణింతాలూ కూడా విడివిడి గుర్తులే కాబట్టి "ముక్తేశ్వరం" అనే ఒక్క మాట 99 అక్షరాల చెత్తయి కూర్చుంటుంది. చూసినవాళ్లు వైరస్ లింకు అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు. చిరునామా వరకూ పొట్టి ఇంగ్లిష్ అక్షరాలే వాడండి, పేజీలో పేరు తెలుగులో ఉంచండి.

లింకు కింద వచ్చే బొమ్మ, శీర్షిక (ప్రివ్యూ) పేజీ కోడ్‌లో వాటికోసమే రాసే ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల్లోంచి వస్తాయి. వాటిని చదివే బాట్లు చాలామటుకు జావాస్క్రిప్ట్ నడపవు. మీరు సైటుని రియాక్ట్ లాంటి వాటితో కట్టి అంతా బ్రౌజర్లోనే తయారయ్యేలా పెడితే ఆ బాట్లకి ఖాళీ పేజీయే కనబడుతుంది, లింకు బోసిగా పోతుంది. ట్యాగులు సర్వర్ పంపే మొదటి హెచ్‌టీఎంఎల్‌లోనే ఉండాలి. బొమ్మ 1200×630 పిక్సెళ్లు, 300 కేబీ లోపు. అంతకంటే బరువైతే కొన్నిసార్లు బొమ్మ రాదు.

ఆ బొమ్మలో ఈరోజు మట్టం మాత్రం వేయకండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వాట్సాప్‌లో ఆ ప్రివ్యూ పంపినవాడి ఫోన్లో తయారై మెసేజీతోపాటు వెళ్లిపోతుంది. మీరు సైటులో అంకె మార్చినా అది మారదు. నిన్నటి 12 అడుగుల బొమ్మ ఎల్లుండి దాకా ఊళ్లు తిరుగుతుంది. ప్రివ్యూ బొమ్మ మీద సైటు పేరు, రేవు పేరు చాలు. ఫేస్‌బుక్‌ది వేరే గొడవ, అది తన దగ్గర దాచుకున్న పాత ప్రివ్యూనే చూపిస్తుంటుంది. వాళ్ల షేరింగ్ డీబగ్గర్‌లో చిరునామా ఇచ్చి మళ్లీ చదవమంటే కొత్తది తీసుకుంటుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాలోంచి లింకు నొక్కితే వాళ్ల యాప్ లోపలి బ్రౌజరే తెరుచుకుంటుంది. అందులో గూగుల్ లాగిన్ పనిచేయదు, లోపలి బ్రౌజర్లలో గూగులే దాన్ని ఆపేసింది. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకునే సౌకర్యమూ రాదు. "మూడు చుక్కలు నొక్కి క్రోమ్‌లో తెరవండి" అని పైన ఒక వరస రాయండి.

పేజీ బరువు. వానలో, కరెంటు పోయి టవర్ కుంటుతున్నప్పుడు తెరవాల్సిన పేజీ ఇది. మొత్తం 100 కేబీ దాటనివ్వకండి. తెలుగు ఫాంటు దించాలని పెట్టుకుంటే అదొక్కటే ఆ లెక్కని మింగేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ఎలాగూ ఉంటుంది, దాన్నే వాడుకోండి. మ్యాపు మొదటి తెర మీద వద్దు.

లెక్కల విషయం కూడా. వాట్సాప్ నుంచి వచ్చినవాళ్లు చాలామటుకు "డైరెక్ట్" అని పడతారు, ఎక్కణ్నుంచి వచ్చారో తెలీదు. ఛానెల్లో పెట్టే లింకుకి ఒక యూటీఎం గుర్తు (ఎక్కణ్నుంచి వచ్చారో తెలియడానికి చిరునామా చివర తగిలించే ముక్క), ఫేస్‌బుక్‌కి ఇంకోటి, రేవు దగ్గర అంటించే క్యూఆర్‌కి రేవుకొకటి తగిలించండి. రెండు వారాల్లో ఏది పనిచేస్తోందో తెలిసిపోతుంది.

లాకుల దగ్గర:

కోడ్ కొబ్బరాకు గారు చెప్పిందానికి ఒక ముక్క కలుపుతా. ఛానెల్లో వట్టి లింకు పెట్టొద్దండి. జవాబు మెసేజీలోనే ఇచ్చేయండి: "కోటిపల్లి రేవు: పంటు తిరుగుతోంది. ఉ. 6.20, 18 జూలై." కింద లింకు. సైటుకి రాకుండానే పని అయిపోతోందని బెంగపడకండి. మూడు రోజులు మెసేజీ నిజమైతే నాలుగో రోజు వేరే రేవు సంగతి వెతుక్కుంటూ వాళ్లే సైటుకొస్తారు. "వివరాల కోసం లింకు నొక్కండి" అని ఊరించేవాళ్లని మన జనం బాగా గుర్తుపట్టేశారు.

గల్ఫ్ గాలి:

ఫేస్‌బుక్ మూసేయమనకండి. పేజీ మూసేసినా పర్వాలేదు గానీ ఊరి గ్రూపుల్ని వదలొద్దు. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు ఊళ్ల నుంచి కువైట్, ఖతార్, మస్కట్‌లో ఉన్నవాళ్లు ఊరి సంగతులు చూసేది ఎక్కువగా ఫేస్‌బుక్‌లోనే. వాళ్లు పంటు ఎక్కరు, నిజమే. కానీ ఇంటికి ఫోను చేసి "అమ్మా, ఇవాళ రేవు దాటకు" అనేది వాళ్లే. అమ్మ ఫోన్లో ఛానెల్ ఎలా పెట్టుకోవాలో వీడియో కాల్లో నేర్పేదీ వాళ్లే. మీరు చేర్చలేని ఇళ్లకి వాళ్లు చేరుస్తారు.

కాబట్టి కొత్త గ్రూపు పెట్టకుండా, ఇప్పటికే నడుస్తున్న ఊరి గ్రూపుల అడ్మిన్లని అడిగి అక్కడే పోస్టు పెట్టండి. అడక్కుండా పది గ్రూపుల్లో ఒకే పోస్టు ఒకే గంటలో అతికిస్తే ఫేస్‌బుక్ దాన్ని స్పామ్ కింద లెక్కేస్తుంది. గ్రూపుకో పోస్టు, ఆ ఊరి రేవు పేరుతో రాయండి. టైము చూసుకోండి: కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, మస్కట్ గంటన్నర వెనక. రాత్రి 9.30కి పెడితే కువైట్‌లో ఏడు, డ్యూటీ దిగి ఫోను పట్టుకునే వేళ.

ఇన్‌స్టా రీల్స్ మాత్రం వదిలేయొచ్చు. కొబ్బరితోటల మీద డ్రోన్ షాట్లకి లక్ష వ్యూలు రావొచ్చు గానీ, చూసేది హైదరాబాదులో వీకెండు టూరు వెతుక్కునేవాళ్లు. వాళ్లకి కనకాయలంక కాజ్‌వేతో ఏం పని?

గట్టుమీద సైకిల్:

అందరికీ ధన్యవాదాలండి. తెలుగు చిరునామా సంగతి నిజమే, మావన్నీ అలాగే ఉన్నాయి, మారుస్తాం. ఇంకో రెండు సందేహాలు. వరద రోజుల్లో తప్పు కబురు వస్తే ఎలా? ఎవడో పాత వీడియో పంపితే అది మన పేరు మీదే తిరుగుతుంది. రెండోది, వరద జూలై నుంచి సెప్టెంబరు దాకానే. మిగతా తొమ్మిది నెలలూ ఈ జనాన్ని ఎలా నిలబెట్టుకోవాలి?

పంటు టికెట్:

మొదటిదానికి ముందు ఒక గీత గీసుకోండి. మీరు చూసింది చెప్తారు, రాబోయేది చెప్పరు. "రేపటికి ఇంత పెరుగుతుంది" అనే మాట మీ సైటులోంచి రాకూడదు. సూచనలు కేంద్ర జలసంఘం, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇస్తాయి. వాళ్ల మాట వాళ్ల పేరుతో, వాళ్లు చెప్పిన టైముతో పెట్టండి. ప్రమాదంలో ఉన్నామని ఛానెల్ చూసి మీకు మెసేజీ పెట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు. మీరు రక్షణ దళం కాదు కదా, ప్రతి వరద మెసేజీ అడుగునా 112, 1070 నంబర్లు వేయండి.

అడుగుల గందరగోళం అన్నిటికంటే ఎక్కువ. భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులకి. "గోదారి 48 అడుగులు" అని ఊరు పేరు లేకుండా రాస్తే లంకల్లో గుండెలు జారిపోతాయి. ఊరు పేరు లేని అడుగుల అంకె సైటులోంచి గానీ ఛానెల్లోంచి గానీ బయటికి పోకూడదు, అడ్మిన్లకి ఇది పక్కాగా చెప్పండి. క్యూసెక్కులు రాస్తే పక్కన అడుగులు కూడా రాయండి: ధవళేశ్వరంలో మొదటి హెచ్చరికంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు, రెండోది 13, మూడోది 17 లక్షలు. ఒక సంగతి గుర్తుంచుకోండి, కనకాయలంక కాజ్‌వే మీదికి మొదటి హెచ్చరిక రాకముందే నీళ్లెక్కేస్తాయి. టీవీలో ఇంకా ఏ హెచ్చరికా లేని ఆ రోజుల్లోనే మీ సైటు అవసరం ఎక్కువ.

పాత వీడియోలు. 2022 జూలై వరదవి ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. పంపేవాళ్ల గ్రూపులో ఒకటే నియమం పెట్టండి: ఫార్వర్డ్ చేసింది ఏదీ లెక్కలోకి రాదు, తన ఫోన్లో తీసిందే రావాలి. ఫార్వర్డ్ బాణం గుర్తు కనబడితే పక్కన పెట్టేయడమే, చర్చ అక్కర్లేదు. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో తీసిన టైము, చోటు వివరాలు ఉండవు, చెరిగిపోతాయి. అందుకని ఫొటోలో మారని గుర్తు ఒకటి ఉండాలి: రేవు బోర్డు, కాజ్‌వే రాయి, కరెంటు స్తంభం. ఎండాకాలంలోనే ప్రతి చోటా నిలబడి ఒక ఫొటో తీసి దాచుకోండి, పోల్చుకోవడానికి. మనుషుల మొహాలు, ముఖ్యంగా స్నానాల రేవు దగ్గర ఆడవాళ్లు పడితే ఆ ఫొటో వాడొద్దు. పంపినవాళ్ల పేరు, నంబరు సైటులో వేయొద్దు, "రేవు నుంచి" అంటే చాలు.

"పంటు ఆగింది" అనే కబురు ఒక్కరు చెప్పినా వెంటనే పెట్టండి. "పంటు మళ్లీ మొదలైంది" అనేది ఇద్దరు చెప్పాకే పెట్టండి. మొదటిది తప్పయితే చుట్టు దారి తిరుగుతారు, అంతే. రెండోది తప్పయితే జనం చీకటి వేళ రేవులో ఇరుక్కుపోతారు. కబురుకి వయసు కూడా పెట్టండి. మూడు గంటలు దాటితే సైటులో రంగు మారి "పాత కబురు" అని పడాలి. అలా పడ్డప్పుడు ఆ రేవు ఇద్దరికీ ఒక ఫోను.

తప్పు పోతే చెరిపేసి ఊరుకోకండి. మీ దగ్గర చెరిగినా ఫార్వర్డ్ అయినవి చెరగవు. "6.20కి పెట్టిన కోటిపల్లి కబురు తప్పు, 7.05కి సరిచేశాం" అని కొత్త మెసేజీ పెట్టండి. వరద మెసేజీల్లో అక్షరాలే ముందు, ఫొటో తర్వాత. సిగ్నల్ లేనప్పుడు ఫొటో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, రెండు వరసల అక్షరాలు ఎలాగోలా దిగుతాయి.

రెండో సందేహం. తొమ్మిది నెలలూ ఖాళీ అని ఎవరన్నారండి? సంక్రాంతికి రేవుల్లో కార్ల బారు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, శివరాత్రికి కోటిపల్లి. వీటన్నిటికీ జనం అడిగేది ఒకటే, పంటు ఎన్నింటి దాకా ఉంది, బారు ఎంతుంది. సముద్రం దగ్గరి రేవుల్లో పోటు పాటుల్ని బట్టి పంటు ఆగే రోజులుంటాయి, అది ఏడాది పొడుగూ ఉండేదే. వేసవిలో కాలవలు కట్టేసేది ఎప్పుడు, వదిలేది ఎప్పుడు అన్నది దాళ్వా (రెండో పంట వరి) రైతుకీ చేపల చెరువుల వాళ్లకీ కావాలి. అయితే రోజూ ఏదో ఒకటి పెట్టాలని మాత్రం పెట్టుకోకండి. చెప్పడానికి ఏమీ లేని రోజు ఛానెల్ ఊరుకుంటేనే, చెప్పిన రోజు జనం చూస్తారు.

పంపేవాళ్లకి డబ్బులు అక్కర్లేదు, కానీ ఊరికే వదిలేయకూడదు. నెలకోసారి రేవుకెళ్లి వాళ్ల కొట్లోనే టీ తాగండి. ఏడు రోజులుగా కబురు పంపనివాళ్లెవరో చూసుకోండి. ఫాలోవర్ల అంకె కంటే ఆ అంకె మీద కన్నుండాలి. పొద్దున్న ఏడు లోపు నాలుగు చోట్లలో ఎన్ని చోట్ల నుంచి కబురొచ్చింది? నాలుక్కి నాలుగు వస్తుంటే మీ సైటు బతికున్నట్టు.

గట్టుమీద సైకిల్:

రంగు మారడం, ఇద్దరు చెప్పడం రెండూ రేపే పెడుతున్నామండి. ఫేస్‌బుక్ పేజీ ఊరికే ఉంచి, ఊరి గ్రూపుల అడ్మిన్లని అడుగుతాం. ఆఖరి ప్రశ్న: రేవు దగ్గర క్యూఆర్ ఫ్లెక్సీ పెట్టాలనుకుంటున్నాం. ఛానెల్ లింకే క్యూఆర్‌గా వేసేయమంటారా? సైజు ఎంతుండాలి?

కోడ్ కొబ్బరాకు:

ఛానెల్ లింకు వేయొద్దు. రేపు ఛానెల్ మార్చుకున్నా, వాట్సాప్ వదిలేసి ఇంకోదానికి వెళ్లినా ఫ్లెక్సీలన్నీ దండగ. మీ సొంత డొమైన్‌లో రేవుకొక పొట్టి చిరునామా పెట్టి దాన్ని క్యూఆర్ చేయండి, అక్కణ్నుంచి ఎటు పంపాలో మీ చేతిలో ఉంటుంది. ఉచితంగా క్యూఆర్ చేసిచ్చే కొన్ని సైట్లు మధ్యలో వాళ్ల చిరునామా దూర్చి, కొన్నాళ్లకి డబ్బు కడితేనే పనిచేస్తుందంటాయి. చేయించాక స్కాన్ చేసి, వచ్చేది మీ చిరునామాయేనా చూసుకోండి.

సైజుకి లెక్క దూరంలో పదో వంతు. టికెట్ కౌంటర్ దగ్గర మీటరు దూరం నుంచి తీయాలంటే 10 సెంటీమీటర్లు, పంటు రేకు మీద రెండు మీటర్ల నుంచి అయితే 20. చుట్టూ తెల్ల అంచు వదలాలి, కనీసం నాలుగు గడులంత. ఫ్లెక్సీ వేసేవాళ్లు ఆ అంచు దాకా పూల డిజైను తెచ్చి కలిపేస్తారు, దగ్గరుండి ఆపండి. నలుపు మీద తెలుపు వద్దు, తెలుపు మీద నలుపే. మెరిసే లామినేషన్ వద్దు, ఎండకి తళుక్కుమని స్కాన్ కాదు. మధ్యలో మీ గుర్తు పెట్టాలని మోజుంటే క్యూఆర్‌లో తప్పులు దిద్దుకునే స్థాయి (ఎర్రర్ కరెక్షన్) బాగా పైకి పెట్టి చేయించండి, లేదంటే మానేయండి. కింద చిరునామా అక్షరాల్లో కూడా పెద్దగా రాయించండి, కెమెరా పగిలిన ఫోన్లు మన దగ్గర తక్కువేం కాదు.

పంటు టికెట్:

ఫ్లెక్సీ కట్టేముందు రేవు పాటదారుని (వేలంలో రేవు పాడుకున్నాయన్ని) అడగండి. లేకపోతే మర్నాటికి అది తాటాకు పాక మీద కప్పయి కనబడుతుంది.